మైనపు గొట్టాలలో మిగిలిన మాట

నోట వెలువడిన మాట గాలిలో కలిసిపోతుందని లోకంలో ఒక అభిప్రాయం. రాతిమీద చెక్కిన శాసనం వేయేండ్లు నిలుస్తుంది. తాటాకుమీద గంటంతో వ్రాసిన గ్రంథం కొన్ని తరాలపాటు నిలుస్తుంది. మనిషి గొంతు మాత్రం మనిషితోడనే పోయేది. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ యంత్రాన్ని నిర్మించిన పిమ్మటనే ఈ స్థితి మారినది. మాటయే ఆధారంగా పనిచేసే రేడియోవారము గనుక, ధ్వనిని దాచి ఉంచిన భాండాగారాల చరిత్ర మాకు సహజంగానే ఆసక్తి కలిగిస్తుంది. అటువంటి భాండాగారాలలో ఒకటి అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మానవశాస్త్ర ప్రదర్శనశాలలో ఉన్నది. అందులో మిగిలిన ఒక గొంతు కథను, ఆ గొంతుగల మనిషికి ఆ సంస్థ చేసిన మేలును, చేసిన అపచారాన్ని, తరువాత అది నేర్చుకొన్న పాఠాన్ని శ్రోతలకు వినిపించవలెనని ఈ ప్రసంగం తలపెట్టినాము.

ఈ ప్రదర్శనశాల 1901లో ఏర్పడినది. దీనికి ధనసహాయం చేసి నిలబెట్టినది ఫీబీ హర్స్ట్ అనే మహిళ. ఆమె గనుల యజమాని జార్జి హర్స్ట్ భార్య. పత్రికాధిపతిగా ప్రసిద్ధికెక్కిన విలియం రాండాల్ఫ్ హర్స్ట్ తల్లి. ఆ విశ్వవిద్యాలయ పాలకమండలిలో స్థానం పొందిన మొదటి స్త్రీ. ఈజిప్టు, పెరూ మొదలైన దేశాలలో త్రవ్వకాలు జరిపించి, అక్కడ లభించిన వస్తువులను ఆమె ఈ సంస్థకు చేర్చినది. నేడు బర్క్లీ పట్టణంలో ఉన్న ఈ ప్రదర్శనశాలకు ఆమె పేరే పెట్టినారు. ఇందులోని వస్తువుల సంఖ్య ముప్పది లక్షలకు మించినది. అయితే తొలి దశాబ్దులలో ఇది సాన్ ఫ్రాన్సిస్కో నగరంలో, ఒక ఎత్తైన ప్రదేశంలోని కట్టడంలో ఉండేది. కాలిఫోర్నియాలోని ఆదివాసుల బుట్టలు, బాణాలు, ఆభరణాలు, వానితోపాటు వారి కథలు, పాటలు సేకరించే పనికి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అనే యువపండితుడు పూనుకొన్నాడు.

ఆ సేకరణలో ఒక తొందర ఉండెను. దానికి కారణం తెలిసికొనకుండా ఈ కథ అర్థం కాదు. 1846లో కాలిఫోర్నియా అమెరికా వశమైననాటికి అక్కడి ఆదివాసుల సంఖ్య సుమారు లక్షా యాభైవేలని చరిత్రకారుల అంచనా. 1870 నాటికి అది ముప్పదివేలకు పడిపోయినది. బంగారం కొరకు వచ్చిన వలసజనం, వారు వెంట తెచ్చిన వ్యాధులు, ఆకలి, వీనికితోడు సాయుధ దళాలు ఊళ్లమీద పడి జరిపిన హత్యలు ఇందుకు కారణాలు. ఆ దళాలలో పెక్కింటికి ప్రభుత్వ ధనమే జీతంగా ముట్టినది. 2019 జూన్ నెలలో కాలిఫోర్నియా గవర్నరు ఈ చరిత్రను జాతిసంహారమని పేర్కొని, రాష్ట్రం తరఫున క్షమాపణ చెప్పినాడు. క్రోబర్ పని ప్రారంభించిన కాలంలో మాత్రం పండితులు సంహారాన్ని గురించి మాట్లాడేవారు కారు. అంతరించిపోతున్నవారని మాత్రం అనేవారు. పోయేవారు ఎటూ పోతారు, వారి వస్తువులనైనా, మాటలనైనా దక్కించుకొందామనే భావంతో పెట్టెలు నింపినారు.

లాసెన్ పర్వతపు దిగువన, కొండవాగుల నడుమ యాహీలనే చిన్న తెగవారు నివసించేవారు. వారు యానా భాష మాట్లాడే జనంలో దక్షిణపు శాఖ. 1860లలో, 70లలో జరిగిన దాడులలో వారు దాదాపు నశించినారు. మిగిలిన పిడికెడు మంది సుమారు నలుబది సంవత్సరాలపాటు పొగ పైకి కనిపించకుండా వండుకొంటూ, అడుగుల జాడ పడకుండా రాళ్లమీద నడుస్తూ, దాగి బ్రతికినారు. 1908లో డీర్ క్రీక్ అనే వాగు వెంబడి భూమి కొలిచే ఉద్యోగుల బృందం ఒకటి వారి గుడిసెలను చూచినది. ఉన్నవారు పారిపోయినారు. నడవలేని ఒక ముసలి స్త్రీ మాత్రం కప్పిన గుడ్డలక్రింద మిగిలినది. ఆమెకు ఎవరూ హాని చేయలేదు. కాని వచ్చినవారు విల్లులు, దుప్పట్లు, పనిముట్లు జ్ఞాపకచిహ్నాలుగా పట్టుకొనిపోయినారు. చలికాలం ముందున్న ఆ జనానికి అవి జీవనాధారాలు. చెల్లాచెదరైన వారిలో ముసలి స్త్రీ కొడుకొక్కడే చివరకు మిగిలినాడు.

1911 ఆగస్టు 29వ తేదీన ఓరోవిల్ అనే ఊరి వెలుపల, పశువులను కోసే దొడ్డివద్ద ఆ మనిషి పట్టుబడినాడు. సుమారు యాభై యేండ్లవాడు. ఆకలితో చిక్కిపోయి ఉన్నాడు. జుట్టు కాల్చి పొట్టిచేసుకొన్నాడు. మనలో కర్మ చేసేవాడు తల గొరిగించుకొన్నట్లే, ఆ జనంలో ఆప్తులు మరణించినపుడు జుట్టు కాల్చుకొనే ఆచారం ఉండెను. అతని మాట ఎవరికీ తెలియలేదు. ఏమి చేయుటకూ తోచక, రక్షక అధికారి అతనిని జైలుగదిలో ఉంచినాడు. వార్త పత్రికలకెక్కినది. క్రోబర్ సహచరుడు వాటర్మన్ రైలెక్కి వచ్చినాడు. అతనివద్ద యానా భాషలోని ఇతర శాఖల మాటలు వ్రాసిన పట్టిక ఒకటి ఉన్నది. ఒక్కొక్క మాటనే చదువుతూ పోయినాడు. ఏ మాటకూ ఆ మనిషి ముఖంలో కదలిక లేదు. చివరకు పసుపుపచ్చ దేవదారును తెలిపే ‘సివిని’ అనే మాట పలికి, జైలుమంచపు చెక్కను తట్టినాడు. ఆ మనిషి ముఖం వికసించినది. ఆ మాటనే తిరిగి పలికి, తానూ చెక్కను తట్టినాడు. తన మాట తెలిసిన చెవి దొరికినది.

పేరు చెప్పమంటే అతడు చెప్పలేదు. పరాయివారి యెదుట తన పేరు తాను పలుకుట వారి ఆచారం కాదు. మన పల్లెలలో ఇల్లాలు పెనిమిటి పేరు పలుకని కాలం ఒకటుండెను గనుక, ఇది మనకు వింతగా తోచదు. తనవారెవరైనా ప్రక్కనుండి అతని పేరు చెప్పవలెను. అటువంటివారు ఎవ్వరూ మిగలలేదు. పత్రికలవారు పేరు కావలెనని పట్టుపట్టగా, యానా భాషలో ‘మనిషి’ అనే అర్థమిచ్చే ‘ఇషి’ అనే మాటనే క్రోబర్ అతనికి పేరుగా ఉంచినాడు. అసలు పేరు ఆనాడూ ఎవరికీ తెలియదు, ఈనాడూ తెలియదు.

1911 సెప్టెంబరులో ఇషిని సాన్ ఫ్రాన్సిస్కోకు తీసికొనివచ్చి, ప్రదర్శనశాలలోనే నివాసం ఏర్పాటు చేసినారు. నెలకు 25 డాలర్ల జీతంమీద గదులు ఊడ్చి తుడిచే పని ఇచ్చినారు. ఆదివారాలలో జనం గుంపులుగా వచ్చేవారు. వారి యెదుట అతడు గాజుముక్కలనుండి, రాళ్లనుండి బాణపు మొనలు చెక్కేవాడు. కొయ్యతో కొయ్యను మథించి నిప్పు పుట్టించేవాడు. అతనిని బలవంతంగా అక్కడ నిలిపినారని చెప్పుట సరికాదు. తిరిగి వెళ్లదలచితే వెళ్లవచ్చునని అడిగినపుడు, అక్కడనే ఉంటానన్నాడు. క్రోబర్, వాటర్మన్, వైద్యుడు పోప్ అతనికి మిత్రులైనారు. 1914లో వారితోకూడ డీర్ క్రీక్ వాగుకు వెళ్లి తాను తిరిగిన చోట్లు చూపినాడు. ఇదంతా నిజమే. కాని ఒక మనిషి నివాసము, ఉద్యోగము, ప్రదర్శన మూడూ ఒకే కట్టడంలో జరిగినవి. తన జనం వస్తువులు అద్దాల బీరువాలలో ఉన్నచోట, వాని నడుమ అతడు ప్రాణమున్న వస్తువుగా నిలిచినాడు. ఈ మాట కఠినమైనదే అయినా, చెప్పక తప్పదు.

అక్కడ జరిగిన పనులలో నేటికీ విలువ తగ్గనిది ధ్వనిగ్రహణం. ఆ కాలపు ఫోనోగ్రాఫ్‌లో మైనంతో పోసిన గుండ్రని గొట్టం ఒకటి తిరుగుతుంది. బాకాలోనికి మాట్లాడితే సూది కదలి, మైనంమీద గాడి పడుతుంది. ఒక్కొక్క గొట్టంలో కొద్ది నిమిషాల మాట మాత్రమే పడుతుంది. ఇషి సెప్టెంబరు 1911లో చెప్పిన అడవిబాతు కథకు 51 గొట్టాలు పట్టినవి. కథ రసపట్టుకు వచ్చినచోట గొట్టం నిండిపోయేది. అతడు ఆగి, క్రొత్త గొట్టం బిగించిన తరువాత తిరిగి అందుకొనేవాడు. మైక్రోఫోను ముందు గడియారం చూచుకొంటూ మాట్లాడే మాకు ఆ కష్టం కొంత తెలుసును. అయితే మా మాట వినేవారు ఉన్నారని మాకు తెలుసు. అతని కథను పూర్తిగా గ్రహించే శ్రోత ఆ గదిలో ఒక్కడును లేడు. 1914 ఏప్రిల్ వరకు సాగిన ఈ ధ్వనిగ్రహణంలో 148 గొట్టాలు, మొత్తం 5 గంటల 41 నిమిషాల కథలు, పాటలు మిగిలినవి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010 సంవత్సరపు జాబితాలో వీనిని జాతి భద్రపరచుకొనవలసిన ధ్వనులలో చేర్చినది.

1915 వేసవిలో ఎడ్వర్డ్ సపీర్ అనే మహాభాషావేత్త వచ్చి, ఇషి చెప్పినవి నోటుపుస్తకాలలో వ్రాసికొన్నాడు. యానా భాషలో పురుషుడు పురుషునితో మాట్లాడే రూపం వేరు. స్త్రీలు పలికే రూపం, పురుషులు స్త్రీలతో పలికే రూపం వేరు. ఈ విశేషాన్ని సపీర్ తరువాత లోకానికి వెల్లడించినాడు. కాని ఇషి చెప్పిన కథలను పూర్తిగా అనువదించకమునుపే అతని ఆయువు తీరినది. ఆ పుస్తకాల అర్థం విప్పుటకు బర్క్లీలోని భాషాశాస్త్రజ్ఞులు 1980ల దశకంలో మరల పూనుకొనవలసివచ్చినది.

నగరం ఇషికి క్షయరోగాన్ని ఇచ్చినది. 1916 మార్చి 25న అతడు మరణించినాడు. చనిపోయినవారి దేహాన్ని కోయుట యాహీల దృష్టిలో తగని పని అని అతని మిత్రులు ఎరుగుదురు. అప్పుడు న్యూయార్కులో ఉన్న క్రోబర్, మరణానికి ముందుదినమే ఒక లేఖ వ్రాసినాడు. శాస్త్రప్రయోజనమని ఎవరైనా అంటే ఆ శాస్త్రాన్ని తోసివేయవలసినదనీ, మనం స్నేహితుని పక్షాన నిలువవలసినదనీ దాని సారాంశం. లేఖ అందేసరికి ఆలస్యమైనది. శవపరీక్ష జరిగినది, మెదడును తీసి వేరుగా ఉంచినారు. మిగిలిన దేహాన్ని దహనం చేసి, చితాభస్మాన్ని ఒక మట్టిపాత్రలో నింపి, నగరసమీపంలోని శ్మశానవాటికలో ఉంచినారు. అంతతో ముగిసినా బాగుండెడిది. 1917 తొలిరోజులలో, అటువంటి లేఖ వ్రాసిన క్రోబరే, ఆ మెదడును వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉన్న హర్డ్‌లిచ్కా అనే శరీరశాస్త్ర పండితునికి పంపినాడు. దుఃఖంలో ఉన్న స్నేహితుడు, సేకరణకు అలవాటుపడిన పండితుడు ఒకే మనిషిలో ఉన్నారు. రెండవవాడు గెలిచినాడు.

1961లో క్రోబర్ భార్య థియొడోరా ఇషి జీవితాన్ని గ్రంథంగా వ్రాసినది. ఆమె అతనిని ఎన్నడూ చూడలేదు. ఆ గ్రంథం లక్షలమంది హృదయాలను కదలించినది. అతడు తన జాతికి చివరివాడనే భావాన్ని స్థిరపరచినది. చివరివాడంటే అడిగేవారు ఎవరూ లేరని అర్థం. కాని ప్రదర్శనశాలలోని వస్తువులే ఆ భావానికి ఎదురుసాక్ష్యం పలికినవి. ఇషి చెక్కిన బాణపు మొనలను 1990లలో బర్క్లీ పరిశోధకుడు స్టీవెన్ షాక్లీ పరీక్షించగా, అవి పాత యాహీ మొనలకంటె పొరుగుననున్న వింతూ, నోమ్లాకీ జనుల పనితనానికి దగ్గరగా కనిపించినవి. అనగా అతడు ఇరుగుపొరుగుల సంబంధంలో పుట్టి పెరిగినవాడై ఉండవచ్చును. ఆ పొరుగువారు, యానా రక్తసంబంధం గలవారు నేటికీ ఉన్నారు.

వారే అడిగినారు. 1997లో ఓరోవిల్ ప్రాంతపు ఆదివాసులు, ఇషి చితాభస్మాన్ని అతని స్వస్థలానికి తీసికొనిపోవలెనని ప్రయత్నం ఆరంభించి, మెదడు ఏమైనదని ప్రశ్నించినారు. చాలాచోట్ల తెలియదనే సమాధానం వచ్చినది. 1999లో ఓరిన్ స్టార్న్ అనే మానవశాస్త్రజ్ఞునికి బర్క్లీలోని బ్యాంక్రాఫ్ట్ గ్రంథాలయంలో క్రోబర్, హర్డ్‌లిచ్కాల ఉత్తరప్రత్యుత్తరాలు దొరికినవి. సంస్థ మరచిన విషయాన్ని దాని కాగితాలు మరువలేదు. స్మిత్‌సోనియన్ వారి మేరీలాండు గిడ్డంగిలో ఆ మెదడు ఉన్నట్లు తేలినది. బర్క్లీ మానవశాస్త్ర విభాగం విచారం ప్రకటించినది. 2000 ఆగస్టులో పిట్ రివర్ తెగవారికి, రెడ్డింగ్ రాంచెరియా వారికి దానిని అప్పగించినారు. వారు చితాభస్మంతో దానిని కలిపి, అతని పూర్వుల నేలలో, ఎవరికీ చెప్పని చోట భూమికి అప్పగించినారు. ఎనుబదినాలుగేండ్ల తరువాత ఇషి జనం కంటికి మరుగైనాడు. దాగియుండుట ఒకనాడు అతని ప్రాణరక్షణకు మార్గం. ఈసారి అది అతనికి దక్కిన గౌరవం.

ఇది ఒక్క ఇషి కథ కాదు. బర్క్లీ సంస్థ గిడ్డంగులలో వేలకొలది ఆదివాసుల అస్థికలు చేరియుండెను. 1990లో అమెరికా ప్రభుత్వం అస్థికలను, పవిత్ర వస్తువులను ఆయా తెగలకు తిరిగి ఇవ్వవలెనని చట్టం చేసినది. చట్టం వచ్చినంతమాత్రాన గిడ్డంగి తలుపులు తెరువబడలేదు. రుజువులు తెమ్మని అడుగుట, వచ్చిన రుజువులు చాలవనుట పెక్కు సంవత్సరాలు సాగినది. తెగల పెద్దలు విసుగులేక అడుగగా, రాష్ట్రప్రభుత్వం కూడ తనిఖీ జరుపగా, పద్ధతులు క్రమంగా మారుతున్నవి. 2021 జనవరిలో విశ్వవిద్యాలయం తన మానవశాస్త్ర భవనానికున్న క్రోబర్ పేరును తొలగించినది. క్రోబర్ చేసిన మేలు అంతటితో చెరిగిపోలేదు. అతడు వ్రాసియుంచిన మాటలనే నేడు ఎందరో ఆదివాసులు తమ భాష నేర్చుకొనుటకు వాడుకొంటున్నారు. పేరు తొలగించుట న్యాయమా కాదా అని వాదించేవారు ఇరుప్రక్కలా ఉన్నారు. కాని ఆ భవనంలోనికి రావలసిన ఆదివాసి విద్యార్థికి ఆ పేరు ఏమని చెప్పుతున్నదో అడుగుట మాత్రం అవసరమే.

ఇప్పుడు తిరిగి మైనపు గొట్టాలకు వస్తాము. ఇషివే కాక, ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో కాలిఫోర్నియా అంతటా సేకరించినవి కలిపి సుమారు 2,700 గొట్టాలు ఈ ప్రదర్శనశాలలో ఉన్నవి. వానిలో వినిపించే ఆదివాసి భాషలు 78. వానిలో పెక్కింటిని తల్లిభాషగా మాట్లాడేవారు నేడు లేరు. మైనానికి బూజు పడుతుంది, పగులుతుంది. సూది పెట్టి వినిపించిన కొద్దీ గాడి అరిగిపోతుంది. వినుటయే దానిని చెరపుట అన్నమాట. ఈ చిక్కును బర్క్లీలోని లారెన్స్ ప్రయోగశాల భౌతికశాస్త్రజ్ఞుడు కార్ల్ హేబర్, అతని సహచరులు పరిష్కరించినారు. గొట్టాన్ని తాకకుండా కాంతితో దాని ఉపరితలాన్ని కొలిచి, సూది ఎట్లు కదిలెడిదో కంప్యూటరుచేత లెక్క కట్టించి, ధ్వనిని తిరిగి పుట్టించే పద్ధతి అది. విరిగిన గొట్టాలను కూడ ఇట్లు పలికించవచ్చును.

యంత్రం ధ్వనిని విడిపించినది. ఆ ధ్వనిని ఎవరికి వినిపించవలెను? ఈ ప్రశ్నకు యంత్రం జవాబు చెప్పదు. ఆ గొట్టాలలో కొన్ని జోలపాటలు, కొన్ని జూదపు పాటలు. మరికొన్ని కర్మకాండలో తప్ప పాడరానివి. కొందరు మాత్రమే వినదగినవి. మన దేవాలయంలో గర్భగుడి మంత్రం వేరు, వీధిభజన వేరు గదా. పాతకాలపు పద్ధతి ప్రకారం సేకరించినవన్నీ సంస్థ సొత్తు. పండితుడు కోరితే చాలును. నేటి పద్ధతిలో ఆ పాట ఎవరి పూర్వులదో వారిని సంప్రదించి, వారి మాటమీద తలుపు తెరచుట, మూయుట జరుగుతున్నది. ఇంతకంటె ఆనందకరమైన సంగతి మరొకటున్నది. 1990ల దశకంనుండి బర్క్లీలో ‘ప్రాణవాయువు’ అనే అర్థంగల పేరుతో శిబిరాలు జరుగుతున్నవి. మాట్లాడేవారు లేని భాషలకు వారసులైన ఆదివాసులు అక్కడకు వచ్చి, భాషాశాస్త్రజ్ఞుల ప్రక్కన కూర్చుండి, పాత నోటుపుస్తకాలు చదువుట, పాత ధ్వనులు వినుట నేర్చుకొంటారు. ముత్తవ్వ గొంతు ముత్తవ్వ మనుమరాలి చెవిని చేరుతుంది. ఆమె ఇంటికి వెళ్లి ఒక ప్రార్థననో, ఒక పలకరింపునో తన బిడ్డకు నేర్పుతుంది. అందరినీ కలుపుకొనే ప్రదర్శనశాల అని నేడు పెద్దలు అంటున్నదానికి మాకు తోచిన నిదర్శనం ఇదే. ద్వారంవద్ద అందరికీ స్వాగతమని వ్రాసినంత చాలదు. లోపలి బీరువా తాళంచెవిలో కూడ వారికి భాగం ఉండవలెను.

ఇషి పట్టుబడిన ఆగస్టు 29వ తేదీ తెలుగువారికి మరొక విధంగా స్మరణీయం. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జన్మదినం. 1863లో జన్మించిన ఆ మహనీయుని పేరిట ఆనాడు తెలుగు భాషాదినోత్సవం జరుపుకొంటున్నాము. క్రోబర్ కాలిఫోర్నియాలో పని చేస్తున్న కాలంలోనే, పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి, చుట్టుప్రక్కల కొండలలోని సవరల భాషను నేర్చినారు. సవర యువకుని తన ఇంట ఉంచుకొని, అతని నోటినుండియే ఆ భాష అభ్యసించినారు. సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించుటకు పాటుపడినారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడినవి. ఒక జనం మాటను గ్రహించినవాడు దానిని తిరిగి ఆ జనం బడికే చేర్చవలెనని ఆయన తలచినారు. వ్యావహారికోద్యమ నాయకునిగా ఆయనను ఎరిగినంతగా, సవరల ఋణం తీర్చుకొన్న పండితునిగా మనం ఎరుగము.

మన రాష్ట్రాలలోని గిరిజన ప్రదర్శనశాలలలో, విశ్వవిద్యాలయాలలో, రేడియో కేంద్రాల టేపులలో కూడ కోయల, గోండుల, సవరల, చెంచుల గొంతులు దాగియున్నవి. పాడినవారిలో పలువురు నేడు లేరు. వారి మనుమలు ఉన్నారు. తాత పాడిన పాట ఫలానాచోట ఉన్నదని వారిలో ఎందరికి తెలుసును? తెలిసి వచ్చి అడిగితే, ఏ కాగితం తెమ్మని మనం అడుగుతాము? కాలిఫోర్నియాలో ఈ ప్రశ్న వేయుటకు ఎనుబది యేండ్లు పట్టినది. అడవిబాతు కథ 51 గొట్టాలలో ఇప్పటికీ ఉన్నది. దానిని చెప్పినవాడు తనవారి నేలకు చేరినాడు. మన టేపులమీద పాడినవారి పేర్లు, వారి ఊళ్ల పేర్లు సరిగా వ్రాసి ఉన్నవో లేవో చూచుకొనుట మనం వెంటనే మొదలుపెట్టదగిన పని.